నూకాలమ్మగారి ముద్ద

బుధవారం, అమలాపురం

ఒళ్ళంతా అలసటే. ల్యాబులో నేను నూరిన గడ్డిచామంతి ఆకు మూడోసారి కూడా బాక్టీరియాను చంపలేదు. మొదట్లో, పుళ్లకు ఆకుమందు నూరే కాట్రేనికోన నూకాలమ్మగారు అదే ఆకుతో నూరి ఇచ్చిన ముద్ద మాత్రం చంపింది. ఆ ధైర్యంతోనే థీసిస్‌లో ఒక అధ్యాయం రాసేశాను. అందుకే సాయంత్రం వెళ్లి, ఆవిడ నూరుతుంటే పక్కనే కూర్చున్నాను. ఆకుతోపాటు పసుపుకొమ్ము కూడా రోట్లో వేశారు.

"పసుపు సంగతి చెప్పలేదేమండీ?"

"పసుపెయ్యకుండా పుండుమీదికి ఎవరు నూరతారండీ?"

పసుపు గుణం అందరికీ తెలిసిందే. ఇక నా ఆకు కథ ఏముంది?

వచ్చేస్తుంటే, వల కోసిన వేలికి ఆ ముద్దే రాసుకుంటూ అడిగారు. "మా అమ్మమ్మ మందు నెగ్గిందాండీ?"

"ఆయ్, నెగ్గిందండీ," అన్నాను.

రేపు ఆ అధ్యాయం కొట్టేయాలి. దాని మొదటి వాక్యం ఆవిడ పేరుతోనే మొదలవుతుంది.