నలభై ఒక్క సున్నాలు

కొండ నేలల పరిశోధన కేంద్రం సంచాలకుల వారి సముఖమునకు, పై కొండ శిబిరంలో పనిచేయు క్షేత్ర సహాయకురాలు సమర్పించుకొను అర్జీ.

విషయం: గడిచిన శీతాకాలంలో నేను తీసిన కొలతలను తమరు సున్నాలుగా మార్చుట, వాటి కింద నన్ను సంతకం చేయమనుట గురించి.

అయ్యా,

అర్జీ ఈ మాటతోనే మొదలుకావాలి గనుక రాశాను. ఇకపై రాసేవి మాత్రం మనస్ఫూర్తిగా రాస్తున్నవి.

1. చెట్లు కూడా మొలవని ఎత్తులో పదకొండేళ్లుగా నేను నేల ఊపిరి కొలుస్తున్నాను. నేల ఊపిరి అనగా మట్టిలోని వేళ్లూ సూక్ష్మజీవులూ విడిచే బొగ్గుపులుసు వాయువు. నేల వెచ్చబడిన కొద్దీ అది పెరుగును. మా కొండ మీద చలికి కుళ్లకుండా తరతరాల గడ్డి మట్టిలోనే ఉండిపోయింది. వెచ్చదనం ఒక్క డిగ్రీ పెరిగినా ఆ పాత గడ్డి గాలిలో కలవడం మొదలవుతుంది. ఇది తమకు తెలియనిది కాదు. తెలిసి చేసినందుకే ఈ అర్జీ.

2. నేనూ, నాతోపాటు అదే ఉద్యోగం చేసే మా వదినా (మా అన్న భార్య) ఆ శీతాకాలంలో నలభై ఒక్కసార్లు శిబిరం నుంచి గడ్డి మైదానానికి మంచులో నడిచి వెళ్లాం. మంచు పడకముందే పాతిపెట్టిన సన్నటి గొట్టాల గుండా నేల మీది గాలిని లాగి కొలిచాం. నిలువెత్తు మంచు పేరుకున్న పల్లంలో నేల గడ్డకట్టలేదు. దుప్పటి కప్పినట్టు ఉండి, మెల్లగా ఊపిరి విడుస్తూనే ఉంది. గాలి మంచును ఊడ్చేసిన గట్టు మీద నేల మైనస్ ఆరుకు పడింది, ఊపిరి దాదాపు ఆగిపోయింది. సున్నా దగ్గర అర డిగ్రీ తేడాకు ఊపిరి ఎంత మారుతుందో, వేసవిలో అదే అర డిగ్రీకి అంత మారదు. ఏడు నెలల ఆ చిన్న ఊపిరిని కూడితే ఏడాది మొత్తంలో నాలుగో వంతు తేలింది.

3. చివరిదైన నలభై ఒకటోసారి వెళ్లినప్పుడు మంచు తుఫాను పట్టుకుంది. దారి కనపడక, మంచు కింద వాగున్న చోట వదిన కాలు వేసింది. బూటు నిండా నీళ్లు. వెనక్కి పోదామన్నాను. "ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో పోతామా? ముందు నాలుగో గొట్టం చూడు. కాలు ఎక్కడికీ పోదులే" అంది. కాలు పోలేదు. శిబిరం చేరేసరికి మూడు గంటలు పట్టింది. వారం తర్వాత ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు.

4. వేసవి చివర తమ నివేదిక అచ్చై వచ్చింది. ఆ ఏడు నెలల వరుసలో నలభై ఒక్క సున్నాలున్నాయి. తమ గదికి వచ్చాను. జరిగిన మాటలు తమరు తర్వాత నాకు పంపిన మెమోలో వేరే విధంగా రాశారు గనుక ఉన్నవి ఉన్నట్టు రాయుచున్నాను.

"గడ్డకట్టిన నేల ఊపిరి తీస్తుందా అమ్మా? మీ మీటరుకి చలికి మతి పోయుంటుంది" అన్నారు తమరు.

"చలికి మీటరు పాడైతే గట్టు మీద తక్కువ, పల్లంలో ఎక్కువ ఎందుకు చూపిస్తుంది సార్? రెండుచోట్లా గాలిలో చలి ఒకటే కదా" అన్నాను.

"శీతాకాలం అంకెలు ఎవరూ చదవరు. సంతకం పెట్టి వెళ్లండి."

అప్పుడు నేను గొంతు పెంచిన మాట నిజం. 'దురుసు ప్రవర్తన' అని తమరు అడిగిన సంజాయిషీకి ఇదే నా జవాబు: ఇంకొంచెం పెంచి ఉండవలసినది.

5. ఎవరూ చదవరన్నది అబద్ధం. ఆ సున్నాలను చదివిన మీదటే తమరు, "ఈ నేల విడిచేదానికంటే దాచుకునేదే ఎక్కువ, కావున శీతాకాలపు శిబిరం అనవసరం" అని తేల్చారు. మా నాలుగో వంతు కలిపితే లెక్క తలకిందులవుతుంది. నేల కక్కుతోంది. తమరు నిద్రపోతోందని రాశారు.

6. నివేదిక వదినకు చూపించాను. వేలు పెట్టి వరుస పొడవునా చదివింది.

"ఈయన ఎప్పుడైనా పైకి వచ్చాడా?"

"మూడేళ్లలో ఒక్కసారి. వేసవిలో, ఫొటోకి."

నివేదిక మూసి నా చేతికిచ్చింది. తర్వాత, "మరి నా వేళ్లు ఏ గడిలో రాశాడట?" అంది.

ఈ ప్రశ్నకు జవాబు తమ దగ్గర ఉంటే రాతపూర్వకంగా తెలియజేయవలసినదిగా ప్రార్థన.

7. కావున, మా నలభై ఒక్క అంకెలను తిరిగి వేయవలెను. వేయలేకపోతే ఆ కాగితం మీద నుంచి మా ఇద్దరి పేర్లూ తీసివేయవలెను. సంతకం మాత్రం చేయను. బదిలీ చేసినా చేయను.

చిత్తగించుట తమ ఇష్టం, చదువుట మాత్రం తప్పదు. ఎందుకనగా దీని నకళ్లను, మంచు నీళ్లకు మరకలు పడిన మా నోటుపుస్తకం ఫొటోలతో సహా, నివేదికను పరిశీలించే కమిటీలోని అయిదుగురికీ ఈ ఉదయమే పంపాను.

తమ విధేయురాలిని కాదు గానీ, ఉద్యోగరీత్యా తమ కింద ఉన్న
క్షేత్ర సహాయకురాలు

తా.క.: శిబిరం మూసివేస్తున్నట్టు ఉత్తర్వు నిన్న అందింది. మీటరు స్టోరులో పెట్టించి తాళం వేయించారని కూడా తెలిసింది. ఇంకో మీటరు దొరికింది. ఎవరిచ్చారని అడగవద్దు, చెప్పను. పైన మంచు మొదలైంది. నాకు తొంభై రోజుల సెలవు మిగిలి ఉంది, ఈరోజు నుంచి పెట్టాను. మా అన్న నాతో పైకి వస్తున్నాడు. వదిన చేతికర్రతో దారిలోని గొర్రెల కాపరుల గుడిసె దాకా వస్తానంది, అంకెలు తనే రాస్తుందట. సెలవులో ఉన్న ఉద్యోగి ఫలానా కొండ ఎక్కరాదు అనే నిబంధన కోసం ఆఫీసు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వెతికాను. లేదు.