కూలర్ ఆపేసిన ఆదివారం

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మధ్యాహ్నం మీ కంప్యూటర్‌లో మీ సబ్‌మెరైన్ నేను నడిపాను. ఆట మీరు ఆపినచోటే ఉంది, నడిసముద్రంలో, రెండే టార్పెడోలతో.

ఢిల్లీ పక్కన ఈ ఇందిరాపురం వచ్చాక ఆఫీసు నుంచి రాగానే మీరు దానికే అతుక్కుపోయేవారు. నేను పక్కనే కూర్చుని బీరకాయలు తరుగుతూ తిట్టేదాన్ని. తిడుతూనే అంతా నేర్చేసుకున్నానని ఇవాళే తెలిసింది.

మీరెప్పుడూ ఓడల వెనకాల పరిగెత్తేవారు. అలా వెంటపడితే అవి దొరుకుతాయా? నేను దూరంగా చుట్టు తిరిగి, వాటి దారిలో ముందే వెళ్ళి ఇంజను ఆపేసి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ మిమ్మల్ని గుమ్మంలో అలాగేగా పట్టుకున్నాను. పెరిస్కోపు ఒక్క క్షణం ఎత్తి దించేశాను. పెద్ద సరుకు ఓడ బాగా దగ్గరికొచ్చాక రెండు టార్పెడోలూ వదిలాను. మునిగిపోయిందండీ.

వెంటనే కాపలా ఓడ మన చప్పుడు వెతుక్కుంటూ వచ్చేసింది. నేను లోతుకు దిగిపోయాను. ఇలాంటప్పుడే మీరు, వాళ్ళకి వినపడుతుందని, మే నెల ఎండలో మన కూలర్ ఆపేసేవారు. పిచ్చి ముదిరిందని నేను మళ్ళీ వేసేదాన్ని.

స్వాతి చెమట తుడుచుకుంటూ తన గదిలోంచి వచ్చింది. "మమ్మీ, కూలర్ క్యోఁ బంద్ కియా?" అంది, ఎందుకాపావని.

"ష్, మెల్లగా. పైన ఓడ ఉంది."

మన పిల్ల నా వంక ఒక్క నిమిషం చూసి, వెళ్ళి ఫ్యాను కూడా ఆపేసింది.

మీ
సుశీల