ఆయాసమని చెప్పేశాను

ఒరేయ్ కోటేశూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చీమకుర్తిలో మనిద్దరం రాళ్లు కోస్తూ పీల్చిన దుమ్ము నన్నూ వదల్లేదు. వారంవారం ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఊపిరి ఎలా తీసుకోవాలో, ఎంత నడవాలో నేర్పుతోంది. "ఆయాసమొస్తే దాచొద్దు బాబాయ్ గారూ, ఆగండి" అంటుంది.

సింగరాయకొండ స్టేషన్ వంతెన మెట్ల మీద ఆయాసమొచ్చి ఆగినప్పుడల్లా నువ్వు కాలి చెప్పు సర్దుకునేవాడివి, నేను ఫోన్ చూసేవాణ్ణి, గుర్తుందా? ఇవాళ సగంలోనే కూర్చున్నాను. ఎవరో పెద్దాయన "ఏమైందండీ?" అన్నాడు.

"ఆయాసమండీ."

"నిదానంగా రండి" అని ఆయన దారిన ఆయన పోయాడు. అంతే! దీనికా మనం అంత నాటకమాడింది?

పెదాలు ముడిచి మెల్లగా ఊపిరి వదులుతూ పైదాకా ఎక్కేశాను. గుండె మీద బరువు దిగినట్టుంది.

ఆ ఒక్క మాట మనిద్దరం ఒకరికొకరం కూడా చెప్పుకోలేదు కదరా.