ఒకే ఒంటికి రెండు తలలు

నాన్నా, నేను కులాసా, ఉద్యోగమూ భద్రమే. కానీ ఇవాళ చూసినదొకటి నీకు వెంటనే చెప్పాలి.

మా అయ్యగారు పాత బొమ్మల పుస్తకాలు సేకరిస్తారని చెప్పానుగా. రాజులనూ సేనాపతులనూ రాగిరేకు మీద చెక్కి అచ్చువేసినవి. ఇవాళ కొత్తగా కొన్న పుస్తకం దులుపుతూ చూద్దును కదా, అందులోని సేనాపతి ఒళ్ళు మా దగ్గరున్న పాత పుస్తకంలోని రాజుగారిదే! అవే గుండీలు, అదే కత్తి, మోచేతి దగ్గర అదే మడత. తల ఒక్కటే వేరు. పరుగున వెళ్ళి చూపిస్తే ఆయన పకపకా నవ్వారు.

"పిచ్చిపిల్లా, రాజు పోయాక ఆయన బొమ్మ ఎవడు కొంటాడు? రేకు మీద తల గీకేసి ఇంకో తల చెక్కేవాళ్ళు. అంత మంచి కోటు పారేస్తారా ఏమిటి?"

"మరి ఈ సేనాపతి నిజంగా ఎలా ఉండేవాడండీ?"

"ఎవరికి తెలుసమ్మా! చూసినవాళ్ళంతా పోయారుగా."

ఆ మాట వినగానే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నాయనమ్మ మంచం దిగలేదు కనక, గుర్తింపు కార్డులోని ఆమె ముఖాన్ని పట్టుచీర కట్టిన ఎవరి ఒంటికో అతికిస్తానన్నాడని రాయించావే, ఆ ఫొటోలు తీసే అతన్ని వెంటనే ఆపు. బతిమాలి ఇంటికే తీసుకురా. మంచం మీదే, ఆ మాసిన నేతచీరలోనే తియ్యమను. చేతుల మీద దుప్పటి కప్పొద్దు. ఆ వంకర వేళ్ళతోనే నాకు జడలు వేసి బడికి పంపింది.

అమ్మ మోకాలు తగ్గిందా? ఈ ముక్క చదివిపెట్టే దర్జీ బాబాయికి దండాలు. నాయనమ్మ నవ్వనంటే నవ్వించకండి.

నీ పెద్దమ్మాయి