ప్రోగ్రామర్ వచ్చింది

అక్కా,

నీ కాళ్లకి దణ్ణం. ఇక్కడ అందరం కుశలం అని రాయడం ఆనవాయితీ గానీ, ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. నీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని ఆసుపత్రివాళ్లు చెప్పారు. నీకే ఫోన్ చేద్దామంటే ‘ఎవరు? ఎవరు?’ అని నువ్వు, ‘నేనే, నేనే’ అని నేను. చెవి మిషను పెట్టుకోమంటే డబ్బాలో దాచుకుంటావు. అందుకని మనకి ఉత్తరమే గతి.

అసలు సంగతి. ప్రోగ్రామర్ వచ్చింది! ఎన్నాళ్లనుంచో మా ఓనరు వెంటపడితే ఇప్పటికి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. మా వర్క్‌షాపులో బడిగంటల బోర్డులు చేస్తాం కదా. ఒక్కో బోర్డులో ఒక్కో చిప్పు ఉంటుంది. ఏ వేళకి గంట కొట్టాలో దానికి ముందే నేర్పాలి. ఇన్నాళ్లూ ఆ పిల్లల్ని ఒక్కొక్కదాన్నే పట్టుకుని నేర్పేవాణ్ణి, నడుం పడిపోయేది. ఇదైతే ఎనిమిదింటిని ఒకేసారి ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పేస్తుంది.

కొత్తది కాదులే. ముందు వేరేవాళ్ల దగ్గర ఉండేది, సరిగ్గా చూసుకోలేదు. మూతి మీద దెబ్బ కూడా ఉంది. వర్క్‌షాపులో చెమ్మ ఎక్కువని నా గదికే తెచ్చుకున్నాను. ఇంటి ఓనరమ్మకి ఇంకా చెప్పలేదు. కరెంటు తీగ తగిలించగానే పచ్చదీపం వెలిగింది, నాకు ఒళ్లు పులకరించింది. కానీ దాని భాష ఇంకా అంతుపట్టలేదు. ఏం చేసినా ‘తప్పు’ అంటుంది. ఈ వయసులో నాలుగు గోడల మధ్య కూర్చుని దానిచేత చీవాట్లు తింటున్నానంటే బయట చెప్పుకోడానికి సిగ్గు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: లైబ్రరీ ఆవిడ ఏమంది? నువ్వు పెళ్లి మాట కదిపితే ఆలోచించి చెప్తానంది కదా, ఇంకా ఆలోచిస్తోందా? నేను అడిగానని చెప్పకు. అడగలేదని కూడా చెప్పకు.

---

చిరంజీవికి,

దీవించబుద్ధి కాకపోయినా అక్కని కాబట్టి దీవించి రాయిస్తున్నాను.

ఒక కంటికి కట్టుంది, రెండోది ఎప్పటినుంచో ఉన్నా లేనట్టే. చదివి పెట్టడానికీ రాసి పెట్టడానికీ మనిషి దొరికింది. నీ ఉత్తరం వింటుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రోగ్రామర్ వచ్చిందా? వచ్చి నీ గదిలోనే ఉందా? మా తమ్ముడు నోట్లో వేలు పెడితే కొరకలేడని ఊరందరి దగ్గరా నిన్ను వెనకేసుకొచ్చాను కదరా!

పెద్ద చదువే చదివుంటుంది, కాదనను. కానీ ముందు ఎవరి దగ్గరో ఉండేదన్నావు. వాళ్లెందుకు వదులుకున్నారు? కాగితాలు సక్రమంగా ఉన్నాయా? మూతి మీద ఆ దెబ్బేంటి? వచ్చీ రాగానే నిన్ను చీవాట్లు పెడుతోందంటే రేపు ఇంకేం చేస్తుంది? అన్నిటికంటే ఆ ఎనిమిదిమంది! ఎనిమిదిమందికీ తండ్రి ఒకడేనా?

ఓనరమ్మకి చెప్పలేదట. ఎన్నాళ్లు దాస్తావు? కుండకి మూత పెట్టొచ్చు గానీ లోకం నోటికి మూత పెట్టలేం. కంటికి కట్టుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే పక్కింటివాళ్ల మొహం ఎలా చూసేదాన్ని?

ఇట్లు,
తలెత్తుకోలేని నీ అక్క

తా.క.: అది వంట చేస్తుందా?

---

అక్కా,

నీకు నమస్కారం, నీ వేళాకోళానికి ఇంకో నమస్కారం. కంటికి కట్టు కట్టినా నోటికి కట్టలేదన్నమాట.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. వాళ్లకి ఇంకోటి దొరికింది, దీన్ని అటకెక్కించారు, అంతే. కాగితాలేమీ లేవు. ఎలా వాడాలో చెప్పే పుస్తకం కూడా పోయింది, వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకుంటున్నాను. ఇక తండ్రి మాటంటావా, ఒకడెందుకవుతాడు? నాలుగైదు కంపెనీలవి ఉన్నాయి. ఎవరివైనా దీనికి తేడా లేదు, కింద పీట మార్చి కూర్చోబెడితే చాలు, అన్నిటినీ ఒళ్లోకి తీసుకుంటుంది. వంట రాదు గానీ కాసేపు పనిచేస్తే ఒళ్లు సెగలు కక్కుతుంది, మీద టీ గ్లాసు పెడితే చల్లారదు.

దాని పద్ధతి చూసి తీరాలి. ముందు పిల్లలు ఖాళీగా ఉన్నాయో లేదో చూస్తుంది. పాతదేమైనా ఉంటే తుడిచేస్తుంది. కొత్తది ఎక్కిస్తుంది. సరిగ్గా ఎక్కిందా అని ఒక్కొక్కదాన్నీ నిలదీస్తుంది. చివర్న తాళం వేస్తుంది. తాళం పడ్డాక లోపల ఏముందో ఎవరూ చూడలేరు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను గానీ, మిగతాది రాయడానికి చెయ్యి రావట్లేదు. కొత్త మోజులో తొందరపడ్డానక్కా. మూడింటిని తలకిందులుగా కూర్చోబెట్టాను. పొగ వచ్చింది. మూడూ పోయాయి. మిగిలిన ఐదింటినీ బళ్లకి పంపాం. నేను ఎక్కించిన ఫైలు ఏదనుకున్నావు? మేమే ఓ ఫ్యాక్టరీకి చేసిన సైరన్ ఫైలు. రాత్రి షిఫ్టు దిగే వేళా, బడి మొదలయ్యే వేళా ఒకటేనాయె. ప్రార్థన అవగానే షిఫ్టు దిగే మోత ఇంటిగంటలా మోగిందట. పిల్లకాయలు సంచులు తగిలించుకుని ఇళ్లకి ఒకటే పరుగు. ఐదు బళ్లవాళ్లూ ఐదింటినీ తిప్పి పంపారు, ఓనరుని నానా మాటలూ అన్నారు.

ఇదివరకు నేను తప్పు చేస్తే ఒకటే తప్పు. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే ఎనిమిది. ప్రోగ్రామర్ తప్పేం లేదు, నేనేం చెప్తే పాపం అదే నేర్పింది. ‘అంతా సరిపోయింది’ అని పచ్చదీపం కూడా వెలిగించింది. బుద్ధి లేనిది నాకు. ఓనరు నన్ను ఒక్క మాటైనా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. వర్క్‌షాపులో ఎవరితోనూ మాట్లాడలేక, స్క్రూలు ఏరుతున్నట్టు తల వంచుకుని తిరుగుతున్నాను.

ఇట్లు,
నీ తెలివితక్కువ తమ్ముడు

తా.క.: చేతిరాత ముత్యాల్లా ఉంది. రాసి పెట్టేవాళ్లెవరో గానీ మీకు దణ్ణం పెడతాను, ఈ నాలుగు ముక్కలూ పైకి చదవకండి, కట్టు విప్పాక అక్కే చదువుకుంటుంది. అక్కా, ఈ గంటల గోల లైబ్రరీ ఆవిడ చెవిన పడనివ్వకు. పోయినసారి మీ ఇంట్లో ఆవిడ పుస్తకాల మీద నీళ్లు ఒలకబోసినప్పుడే నా పరువు సగం పోయింది. మిగతా సగమైనా దాచిపెట్టు.

---

ఒరేయ్,

దీవెనలు తర్వాత.

‘పోయాయి’ అని ఎంత తేలిగ్గా రాశావురా! పసిపిల్లల్ని తలకిందులుగా కూర్చోబెట్టడమేంటి, పొగ రావడమేంటి? విన్న దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. మిగిలిన ఐదుగురినీ బడివాళ్లు తరిమేశారా? పెద్దవాళ్లు ఎలాంటివాళ్లయితేనేం, పిల్లలేం పాపం చేశారు? ఒళ్లు తుడిచి, కసిరి నిలదీసి, తాళం వేసి పోయేది కూడా ఒక తల్లేనా? పైగా దాని తప్పేం లేదని నువ్వు వెనకేసుకురావడం ఒకటి!

లైబ్రరీ అమ్మాయికి ఈ పూటే చెప్పేశాను. దాచిపెట్టి ఒక ఆడపిల్ల గొంతు కోయలేను. చేతులు పట్టుకుని, ‘మావాడు చెయ్యి దాటిపోయాడమ్మా, ఇంట్లో ఎవతెనో పెట్టుకున్నాడు, ఎనిమిదిమంది పిల్లలు, ఇప్పుడు ఐదుగురే, మమ్మల్ని క్షమించు’ అన్నాను. సిగ్గుతో నా ప్రాణం పోయింది. ఆ పిల్ల నా చెవికి కూడా వినపడేంతగా ముక్కు ఎగబీల్చింది. ఏడ్చిందిరా పాపం.

నిన్ను తిట్టీ తిట్టీ అలిసిపోయాను. కూర్చుని ఆలోచించాను. జరిగిందేదో జరిగింది. ఆ ఐదుగురినీ ఇక్కడికి పంపెయ్. వెనక గది దులిపిస్తున్నాను. నా చూపు ఎంత వస్తే అంతే, నా ఓపిక ఉన్నన్నాళ్లు నేనే పెంచుతాను. నువ్వు చేసిన తప్పుకి వాళ్లు వీధిన పడకూడదు. ఆ మహాతల్లిని మాత్రం నా గడప తొక్కనివ్వను.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఐదుగురిలో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు? దర్జీకి చెప్పాలి.

---

అక్కా,

దణ్ణం పెడదామంటే చేతులు ఖాళీ లేవు, రెండూ నెత్తి మీదే ఉన్నాయి.

ప్రోగ్రామర్ అంటే మనిషి కాదే తల్లీ! యంత్రం! చెప్పుల డబ్బా అంత పెట్టె! పిల్లలంటే చిప్పులు, ఒక్కోటి గోరంత ఉంటుంది. నేను ‘వచ్చింది’ అని రాశాను, నిజమే. మన భాషలో ఆడమనిషి వచ్చినా వచ్చిందే, బస్సు వచ్చినా వచ్చిందే, జ్వరం వచ్చినా వచ్చిందే. దానికి నేనేం చెయ్యను? కరెంటు తీగ తగిలించానని కూడా రాశాను కదా. ఎవరైనా మనిషికి కరెంటు తీగ తగిలిస్తారా?

నువ్వు నన్ను అంతమాట అనుకున్నందుకు కోపం వచ్చింది. తర్వాత ఆ ఐదుగురినీ పెంచుతానన్న చోటికొచ్చేసరికి ఆ కోపం ఎటు పోయిందో పోయింది. నీ కళ్లు బాగుపడకముందే పిల్లల్ని పెంచడానికి సిద్ధపడ్డావు. నీ దగ్గర నేను ఎప్పటికీ చిన్నవాణ్ణే.

కానీ ఆవిడ ఏడ్చిందా? నాకోసం ఎవరైనా ఏడుస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. ఏడిస్తే ఆ తడిసిన పుస్తకాల కోసం ఏడవాలి. ఆ రోజు ఆవిడ ఒక్కో పేజీ విడదీసి ఆరబెడుతూ, ‘గంట దానంతటదే ఎలా కొడుతుందండీ?’ అని అడిగింది. నా పని గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. నేనేం చెప్పానో తెలుసా? ‘కరెంటుతో’ అన్నాను. అంతే. ఆ జవాబుకి ఇప్పటికీ సిగ్గుతో కుంచించుకుపోతుంటాను. ఇప్పుడు సైకిలు మీద వెళ్తూ రోజూ మంచి జవాబు వల్లెవేసుకుంటున్నాను, ఎదురొచ్చేవాళ్లు పిచ్చివాణ్ణనుకుని పక్కకి తప్పుకుంటున్నారు.

నువ్వు వెంటనే ఆవిడ దగ్గరికి వెళ్లి నిజం చెప్పు. నచ్చలేదు, వద్దు అంటే అననీ. చేయని తప్పుకి వద్దంటే మాత్రం తట్టుకోలేను. చేసిన తప్పులు కావలసినన్ని ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి చూసి వద్దనమను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: ఐదింటిలో ఆడా లేదు, మగా లేదు. ఆ దర్జీని ఆపు!

---

నమస్కారమండీ,

ఈ ఉత్తరం మీ అక్కయ్యగారు చెప్తే రాస్తున్నది కాదు. ఆవిడ భోజనం చేసి కునుకు తీస్తున్నారు. నేను లైబ్రరీ ఆవిణ్ణి.

మీరిక్కడ ఆగి కాసేపు సిగ్గుపడతారని తెలుసు. మీకంటే నేనే ఎక్కువ పడాలి. కట్టు కట్టినప్పటినుంచీ ఈ ఇంట్లో చదవడం, రాయడం నా పనే. నా పేరు చెప్పి రాయమన్నారు. మొహమాటపడి ‘మనిషి దొరికింది’ అని రాసి ఊరుకున్నాను. మీ మొదటి ఉత్తరం తాజా కలంతో సహా పైకే చదివాను, చదివాక గానీ అది నా గురించేనని తట్టలేదు. ‘ఏమంటావమ్మా?’ అని ఆవిడ నావైపు తిరిగారు. నాకు వినపడలేదు. ఈ ఇంట్లో చెవుడు అంటుకుంటుంది కాబోలు.

అది యంత్రమని నాకు అప్పుడే తెలుసు. ఆవిడకి సగమే వినపడింది: వచ్చింది, గదిలో ఉంది, ఎనిమిది. మిగతా సగం గొంతు పెంచి చదవాల్సింది. ఈలోపు ఆవిడ తిట్లు అందుకున్నారు. అవి ఎంత బాగున్నాయంటే ఆపబుద్ధి కాలేదు, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయాను. ‘తండ్రి ఒకడేనా’ అన్నది ఆవిడే. ‘వంట చేస్తుందా’ అన్నది మాత్రం నేను కలిపాను. క్షమించండి.

రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. ఆ పెద్దావిడ నా చేతులు పట్టుకుని క్షమించమని అడిగినప్పుడు నేను ఏడవలేదండీ. నవ్వాపుకోలేక ముక్కు ఎగబీల్చాను. చూపు లేని మనిషి నాకోసం తల వంచుకుంటే నాకు నవ్వొచ్చింది. తర్వాత ‘నేనే పెంచుతాను, రాయి’ అన్నారు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నవ్వు రాలేదు. అప్పుడు ఏడ్చాను, అది ఆవిడకి వినపడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మీ చివరి ఉత్తరం ఆవిడకి చదివి వినిపించలేదు. దానిలో సగం నేనే ఉన్నాను. నా సంగతి నేనే గొంతు చించుకుని వీధంతా వినేలా ఎలా చదవను? ‘కుశలమేనట’ అని చెప్పి మడిచి పెట్టాను.

ఆలోచించి చెప్తానన్నాను కదా. ఆలోచించాను. తప్పు జరిగితే ఎదుటివాళ్ల మీదకి నెట్టేవాళ్లని చాలామందిని చూశాను. మీరు ఒక పెట్టె మీదకి కూడా నెట్టలేదు. ‘ప్రోగ్రామర్ తప్పేం లేదు’ అని రాశారు చూడండి, అది పైకి చదువుతుండగానే నా మనసు తేలిపోయింది. నాకు ఇష్టమే. ఇంత పని చేశాక కూడా నేను మీకు ఇష్టమో కాదో మీరు ఆలోచించి చెప్పండి.

ఇట్లు,
చేతిరాత ఒక్కటే బాగున్న మనిషి

తా.క.: వెనక గదిలో ఐదు చిన్న మంచాలు వేయించారు. నిన్న ఐదుగురికీ పేర్లు కూడా పెట్టేశారు, అన్నీ ముద్దుపేర్లే. నిజం చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు. మీరే వచ్చి చెప్పండి. దయచేసి ఉత్తరం మాత్రం రాయకండి, రాస్తే మళ్లీ నేనే చదవాలి.