ముడి లేని టవల్

రత్నాబాయీ, అన్నం గిన్నెల ఉంది, పప్పు పొయ్యి మీద ఉంది, తిను. ఐదింటికి ప్రశాంత్, పూనం పెళ్లి పాఠానికి వస్తరు. చాయ్ పోసి పంపెయ్. ఇంక ఈ ఇంట్ల పాఠం లేదని చెప్పు.

ఈ చీటీ రాసి పెట్టి నీ ముసలోడు చర్చికి పోయిండు. పెళ్లికి ముందు పిల్లలకు బుద్ధులు చెప్పే జంటల లిస్టుల మన పేర్లు కొట్టెయ్యమని పాస్టర్ అయ్యగారిని అడుగుతడు.

పోయిన ఆదివారం పాఠంల వాడు కోసిన కోతలకు మన వాడ దాజీ పేట్ల మగ్గాలన్నీ ఆగి విన్నయి! "నలబై రెండేండ్లల్ల మాకు ఒక్క లడాయి గాలేదు, ముడి లేని టవల్ మా సంసారం" అన్నడు. పూనం కండ్లు ఇంత చేసుకొని నమ్మింది. నువ్వు లేచి లోపలికి పోయినవు. అప్పటిసంది నాతోని మాటల్లేవు.

కార్ఖానల ఇరవై ఏండ్లు టవళ్ల మీద బొటనవేలు తిప్పి ముడులు పట్టినదానివి. కొడుకును మట్టిల పెట్టినంక ఏడాది పొడుగునా మనం మాట్లాడుకోలేదు. ఆ ముడి నీ వేలికి దొరకదా? కోతలు మానేద్దామనుకున్నడు ముసలోడు. మానేస్తే నీతోని చెప్పెతందుకు ఏం మిగిలిందో వానికి యాదికొస్తలేదు.

పూనం ఎందుకని అడిగితే నిజం నువ్వే చెప్పు. ఆ టైముకు చర్చి నుంచి వచ్చి బయట మెట్ల మీద కూసుంట. లోపలికి రాను, నీ గొంతు వింట.