ఉత్త ‘నెగెటివ్’

సోమవారం

ఉదయం పదకొండుకు తెలిసింది: చెల్లెలి కూతురు మౌనిక రక్తం గ్రూపు నెగెటివ్. ఇప్పుడు ఏడో నెల. పరీక్ష చేసింది మూడో నెలలో. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు— కాదు, చెప్పారు. చేరింది వేరే.

భర్తది పాజిటివ్. బిడ్డదీ అదే అయితే తల్లి రక్తం బిడ్డ రక్తం మీద తిరగబడొచ్చు. ముందే ఒక సూది ఇస్తే చాలావరకు ఆ భయం ఉండదు. పోయినేడు మౌనికకు గర్భం పోయింది, ఇంట్లోనే. అప్పుడూ సూది లేదు. దవాఖాన డాక్టరమ్మ ఆ సంగతే రెండుసార్లు అడిగింది.

మంగళవారం

దవాఖానకు వెళ్లాను. విలేకరిగా కాదు, మేనమామగా వచ్చానన్నాను. ఎవరూ నమ్మలేదు.

ల్యాబ్ శ్రీకాంత్: “యాదమ్మకు ఫోన్ల చెప్పిన గదన్నా. గ్రూపు, నెగెటివ్ అని.”

ఆశా కార్యకర్త యాదమ్మ: “అవ్, చెప్పిండు. గప్పుడే హెచ్‌ఐవీ పరీక్షకు గూడ పంపినం గదా. నెగెటివ్ అంటే మంచిదే అనుకున్న. పిల్లను మిఠాయి గూడ అడిగిన.”

“మరి గ్రూపు అన్నది?”

“వాట్సాప్ గ్రూపుల వెడ్తడేమో అనుకున్న.”

శ్రీకాంత్ నవ్వబోయి ఆగిపోయాడు.

మౌనిక కార్డులో రక్తం గ్రూపు గడి ఖాళీ. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పరీక్షే కాలేదనుకుని మళ్లీ రాసింది. అలా బయటపడింది.

బుధవారం

పత్రిక డెస్క్ నుంచి ఫోన్. “దవాఖాన నిర్లక్ష్యం అని పెడదామా అన్నా?” ఆగమన్నాను.

శ్రీకాంత్ ఉన్నదే చెప్పాడు. యాదమ్మ తనకు అర్థమైందే చెప్పింది. మధ్యలో ఎవరూ తిరిగి అడగలేదు. మేం ఫోన్లో ఊరి పేరు ఇస్తే కూడా డెస్క్ వాళ్లు తిరిగి చదివి వినిపిస్తారు...

మౌనిక: “మామా, సూది ఇస్తరా, ఇయ్యరా? గంతే చెప్పు.”

తెలియదన్నాను. ముందు ఇంకో పరీక్ష. ఆమె రక్తం ఇప్పటికే తిరగబడి ఉంటే సూది పనిచేయదు. అప్పుడు ప్రసవం దాకా కడుపులో బిడ్డను పట్నం పెద్దాసుపత్రిలో చూపిస్తూ ఉండాలి.

గురువారం

యాదమ్మే బస్సులో హయత్‌నగర్ తీసుకెళ్లి ఆ పరీక్షకు రక్తం ఇప్పించింది. మౌనిక పోయేటప్పుడు వేరే సీట్లో కూర్చుందట. “వచ్చేటప్పుడు బొంగులూరు కాడ నా భుజం మీదనే నిద్రపోయింది” అంది యాదమ్మ.

సాయంత్రం డాక్టరమ్మ దవాఖాన వాళ్లందరినీ పిలిచింది. “ఇగ ఉత్త నెగెటివ్ అని ఎవ్వరూ అనొద్దు. ఏ పరీక్షనో చెప్పాలె. విన్నోళ్లు మళ్ల చెప్పాలె.”

శ్రీకాంత్: “మేడం, ఇయ్యాల రక్తం ఇచ్చిన పరీక్షల నెగెటివ్ వస్తెనే మంచిది గదా?”

“అవ్.”

యాదమ్మ: “జర ఆగు. ఒకపారి నెగెటివ్ అంటే ఫికర్ అంటివి, ఇప్పుడు మంచిదంటవ్. మళ్ల చెప్పు.”

చెప్పాడు. గ్రూపు నెగెటివ్ అయితే సూది కావాలి; ఈ పరీక్ష నెగెటివ్ అయితే రక్తం ఇంకా తిరగబడలేదు, సూది పనిచేస్తుంది. ఆమె అతనికి తిరిగి చెప్పింది. రెండోసారికి సరిగ్గా వచ్చింది.

శుక్రవారం

సూది దవాఖాన ఫ్రిజ్‌లో ఉంది. వార్త పంపలేదు.

రిపోర్టు రేపు పదకొండుకు. శ్రీకాంత్ యాదమ్మకు చెప్తాడు, డాక్టరమ్మ ముందు యాదమ్మ తిరిగి చెప్తుంది. ఆ తర్వాతే మౌనికకు.